డాక్టర్ చెప్పింది గది దాటగానే మర్చిపోతున్నారా? ఇలా చేయండి

"లోపల అంతసేపు కూర్చున్నాం, అన్నిటికీ తల ఊపాం. బయటికొచ్చి చూస్తే ఒక్క ముక్క గుర్తు లేదు." అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి పెద్దవాళ్ళను బెంగళూరు ఆసుపత్రులకు తీసుకొచ్చే మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. ఇక్కడే మారతహళ్ళిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊరి నుంచి వచ్చిన నాయనకో మేనత్తకో తోడు వెళ్ళేవాళ్ళూ ఇదే అడుగుతారు. ఆఫీసులో గంటల కొద్దీ మీటింగులు నడిపి, ఎవరు ఏమన్నారో పొల్లుపోకుండా చెప్పగలిగినవాళ్ళు కూడా డాక్టర్ గదిలో పది నిమిషాలకే ఖాళీ అయిపోతారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు.

జరిగేది ఇదీ. భయం వేసినప్పుడు మెదడు ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకుంటుంది, దాని చుట్టుపక్కల ఉన్నవాటిని వదిలేస్తుంది. అమిగ్డలా అనే భాగం "ఇది ముఖ్యం" అని గట్టిగా గుర్తు వేస్తే, జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ ఆ ఒక్కదాన్నీ లోతుగా దాస్తుంది. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. హోటల్లో ఒకడు కౌంటర్ దగ్గర తుపాకీ చూపించే స్లైడ్లు కొందరికి, అదే మనిషి చెక్కు ఇచ్చే స్లైడ్లు కొందరికి చూపించారు. తుపాకీ చూసినవాళ్ళ కళ్ళు దాని మీదే ఉండిపోయాయి, మిగతా వివరాలు వాళ్ళకు తక్కువ గుర్తున్నాయి. డాక్టర్ గదిలో ఆ తుపాకీ "గడ్డ" కావచ్చు, "ఆపరేషన్" కావచ్చు, "బయాప్సీ" కావచ్చు. ఆ మాట పదేళ్ళయినా మర్చిపోరు. దాని తర్వాత చెప్పిన మందు మోతాదు మాత్రం లిఫ్ట్ దగ్గరికి వచ్చేసరికే పోతుంది.

పెద్ద భయం లేకపోయినా పరిస్థితి అంత గొప్పగా ఏమీ ఉండదు. వైద్యులు చెప్పినదానిలో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అక్కడికక్కడే మర్చిపోతారనీ, గుర్తున్నదానిలో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందనీ 2003లో రాయ్ కెసెల్స్ అనే పరిశోధకుడు అంతకుముందు వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి రాశారు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఏమేం కావాలి

- కుట్టిన నోట్‌బుక్ ఒకటి. విడి కాగితాలు వద్దు. విడి కాగితం ఫార్మసీ బిల్లులతో కలిసిపోయి, ఆ సాయంత్రానికే కనబడదు.
- రెండు రంగుల పెన్నులు. నీలం, ఎరుపు ఏవైనా సరే. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.
- పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టిన ఫైల్.
- పూర్తిగా చార్జ్ ఉన్న ఫోన్.
- పేషెంటు కాకుండా ఇంకో ఇద్దరు మనుషులు. ఒక్కరే ఉంటే దానికీ దారి ఉంది, కింద చెబుతాను.

1. ప్రశ్నలు ముందు రోజు రాత్రే రాయండి

తెల్లవారుజామున బస్సెక్కి, టోకెన్ తీసుకుని, ఓపీ ముందు మూడు గంటలు కూర్చున్నాక ప్రశ్నలు తోచవు. ముందు రోజు రాత్రి ఇంట్లోనే రాయండి. ఐదు దాటొద్దు. ఏమీ తోచకపోతే ఈ మూడూ చాలు: ఇది ఏమిటి? మేం ఇప్పుడు ఏం చేయాలి? ఏం కనిపిస్తే ఆగకుండా వెంటనే రావాలి?

మూడో ప్రశ్నను చివరికి వదిలేయకండి. రోగులకు మొదట చెప్పినవే బాగా గుర్తుంటాయని 1970ల్లో ఫిలిప్ లే అనే మనస్తత్వవేత్త చేసిన పరిశోధనల్లో తేలింది. డాక్టర్లు సాధారణంగా ముందు జబ్బు పేరు చెప్పి, ప్రమాద సూచనలు ఆఖర్న చెబుతారు. అప్పటికి మీ మెదడు జబ్బు పేరు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. డాక్టర్ చెప్పే వరుసను మనం మార్చలేం కానీ, మన ప్రశ్నల వరుస మన చేతిలోనే ఉంది.

2. రాసే మనిషి వేరు, చెయ్యి పట్టుకునే మనిషి వేరు

ఈ మొత్తంలో నేను ఎక్కువ పట్టుబట్టేది దీని గురించే. మనవాళ్ళలో మామూలుగా పెద్ద కొడుకో కూతురో లోపలికి వెళతారు. వాళ్ళకే ప్రేమ ఎక్కువ, వాళ్ళకే భయమూ ఎక్కువ. రాసే పని కూడా వాళ్ళకే అప్పగిస్తాం. భయం ఎక్కువ ఉన్న మనిషి జ్ఞాపకమే ఎక్కువ కుదించుకుపోతుంది కాబట్టి, రాయడానికి వాళ్ళంత పనికిరానివాళ్ళు ఉండరు.

రాసే పని కాస్త దూరం మనిషికి ఇవ్వండి. అల్లుడు, తోడికోడలు, పక్కింటాయన, పీజీలో రూమ్మేట్, ఎవరైనా సరే. మంచి చేతిరాత, "సార్, ఇంకోసారి చెప్పండి" అనడానికి మొహమాటపడని స్వభావం ఉంటే చాలు. ఆ మనిషి పేషెంటు ముఖం చూడకూడదు, ఓదార్చకూడదు, కాగితం మీంచి తల ఎత్తకూడదు. కొంచెం కటువుగా ఉంటుంది. ముందే చెప్పి తీసుకెళితే ఎవరూ బాధపడరు.

ఒక్కరికే అనుమతి అంటే: "మా బావకు తెలుగు తప్ప రాదు సార్, నేను రాసిపెడతాను" అని అడిగితే చాలాచోట్ల రెండో మనిషినీ రానిస్తారు. అదీ కుదరకపోతే, "ఇంట్లోవాళ్ళకు వినిపించడానికి రికార్డ్ చేసుకోవచ్చా సార్?" అని అడగండి. ఒప్పుకుంటే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బల్ల మీద అందరికీ కనిపించేలా ఉంచండి. లేకపోతే మధ్యలో మేనమామ ఫోన్ చేసి రికార్డింగ్ ఆగిపోతుంది. వద్దంటే వదిలేయండి. దొంగచాటుగా మాత్రం చేయొద్దు. అది బయటపడితే ఆ డాక్టర్ తర్వాత మీతో మనసు విప్పి మాట్లాడరు.

3. లోపల ఏం రాయాలి

వాక్యాలు రాయకండి. అంకెలు, పేర్లు, తేదీలు రాయండి. మందు పేరు స్పెల్లింగ్ రాకపోతే చీటీ మీదే ఉంటుంది, దానికోసం ఆగొద్దు. చీటీ మీద లేనివే మీరు రాయాల్సినవి: ఏది ఆపమన్నారు, ఏది తినొద్దన్నారు, ఎన్ని రోజులకు రమ్మన్నారు, ఏ పరీక్షకు పరగడుపున రావాలి.

భయపెట్టే మాట వినపడగానే రాసే మనిషి ఒక పని చేయాలి. "సార్, ఒక్క నిమిషం" అనాలి, అంతే. ఆ నిమిషంలో పేషెంటుకు నీళ్ళు ఇవ్వండి. ఆ మాట తర్వాత వచ్చే రెండు మూడు వాక్యాలే గాలికి పోయేవి. ఆగి, "ఇప్పుడు చెప్పండి సార్" అంటే అవి దక్కుతాయి. నిమిషం అడిగితే విసుక్కునే డాక్టర్లు లేరని అనను. కానీ మళ్ళీ అదే ప్రశ్నకు తలుపు తట్టేకంటే ఇదే వాళ్ళకూ నయం.

గుండె, కడుపు, వెన్నెముక లాంటివయితే "ఒక బొమ్మ గీసి చూపిస్తారా సార్?" అని మీ నోట్‌బుక్ ముందుకు జరపండి. చాలామంది గీస్తారు. ఇంటికెళ్ళాక ఆ వంకర బొమ్మే అన్నిటికంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

4. లేవకముందు తిరిగి అప్పజెప్పండి

"అర్థమైందా?" అని డాక్టర్ అడిగితే మనం "ఆఁ సార్" అంటాం. అది అలవాటు, జవాబు కాదు. బదులుగా మీరే అప్పజెప్పండి:

"సార్, నేను సరిగ్గా విన్నానో లేదో చెబుతాను. ఈ చిన్న మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత. పెద్దది రాత్రి మాత్రమే. రక్తం పలచన చేసే మాత్ర మేం సొంతంగా ఆపకూడదు. బుధవారం పరగడుపున రక్త పరీక్ష. ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే తెల్లారేదాకా ఆగకుండా రావాలి. అంతేనా సార్?"

అర నిమిషం పడుతుంది. ఇందులో ఒక్క తప్పు దొరికినా మీకు లాభమే. ఇంటికెళ్ళాక ఆ తప్పును దిద్దేవాళ్ళు ఎవరూ ఉండరు. డాక్టర్‌కు తీరిక లేకపోతే బయట ఉన్న నర్సుకో ఫార్మసిస్టుకో అప్పజెప్పండి. చీటీ మీద 1-0-1 అని ఉంటే పొద్దున, రాత్రి. మధ్యాహ్నం లేదు అని అర్థం. నర్సు కన్నడంలో "ఊట ఆద మేలె" అంటే తిన్న తర్వాత, "ఊటక్కె ముంచె" అంటే తినకముందు. ఈ రెండూ తారుమారు చేసుకోకండి. సందేహం ఉంటే చేత్తో సైగ చేసి అడగడానికి సిగ్గుపడొద్దు.

5. ఊరికి ఫోన్ చేసేముందు పది నిమిషాలు

తలుపు దాటగానే అందరి చేయీ ఫోన్ మీదికే వెళుతుంది. అక్కడే ఆగండి. కారిడార్‌లో ఓ కుటుంబాన్ని చూశాను. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి, "ఏం లేదంట చిన్నాయనా, చిన్న ఆపరేషనే, రెండు రోజుల్లో పంపించేస్తారంట" అని ఫోన్‌లో చెబుతున్నాడు. రెండు బెంచీల అవతల వాళ్ళ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కష్టమన్నాడు కదే" అని కూతురితో అంటోంది. ఇద్దరూ ఒకే గదిలోంచి ఒకేసారి బయటికొచ్చారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆశ ఉన్న మనిషి ఆశ కలిగించే మాటలు పట్టుకున్నాడు, దిగులుగా ఉన్న మనిషి దిగులు పుట్టించే మాటలు పట్టుకుంది. మనసు ఏ రంగులో ఉంటే ఆ రంగు సంగతులే సులభంగా గుర్తొస్తాయని మనస్తత్వవేత్త గోర్డన్ బోవర్ 1981లో రాసింది దీని గురించే.

కాబట్టి ఇలా చేయండి. లోపలికి వెళ్ళినవాళ్ళంతా విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, గుర్తున్నది రాయండి. రాయడం రానివాళ్ళు తమ ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా చెప్పుకోవచ్చు. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ముందు మాట్లాడుకుని తర్వాత రాస్తే గొంతు పెద్దదైన మనిషి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది. మన ఇళ్ళలో అది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇద్దరూ ఒకేలా రాసినవాటికి టిక్ పెట్టండి. తేడా వచ్చినవాటికి ప్రశ్నార్థకం పెట్టండి. ప్రశ్నార్థకాలతో ఆసుపత్రి గేటు దాటొద్దు. డ్యూటీ డాక్టర్ దగ్గరికో, ఓపీ నర్సు దగ్గరికో వెళ్ళి అవి మాత్రమే అడగండి. మెజెస్టిక్‌లో బస్సెక్కాక గుర్తొస్తే మళ్ళీ ఆ లైన్‌లో నిలబడాల్సిందే.

ఇప్పుడు ఊరికి ఫోన్ చేయండి. ఒక్కరే చేయాలి, నోట్‌బుక్ చూసి చదవాలి. అవతల ఎంత ఏడ్చినా, "అసలు ఏమన్నాడ్రా?" అని ఎన్నిసార్లు అడిగినా, కాగితంలో లేనిది చెప్పొద్దు. ఓదార్పు కోసం కలిపిన ఒక్క మాట నాలుగు ఇళ్ళు తిరిగి, డాక్టరే చెప్పిన మాటగా మీ దగ్గరికే తిరిగొస్తుంది.

6. రాత్రి గుర్తొచ్చేవి రెండో రంగులో

గదిలోంచి వచ్చిన వెంటనే ఏమీ గుర్తు రాకపోతే అంతా పోయిందని కంగారు పడకండి. టెన్షన్‌లో విడుదలయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ దాచుకున్న సంగతిని పైకి రానివ్వకుండా అడ్డుపడుతుంది. కొందరికి కార్టిజోన్ మాత్ర (ఒంట్లోకి వెళ్ళాక కార్టిసాల్‌గా మారేది) ఇచ్చి, ముందు రోజు నేర్చుకున్న పదాలు అడిగితే తక్కువ చెప్పగలిగారని డొమినిక్ దె క్వెర్వెన్ అనే పరిశోధకుడి బృందం 2000లో చూపించింది. మనసు కాస్త కుదుటపడ్డాక, అన్నం తిన్నాక, ఒక రాత్రి నిద్రపోయాక కొన్ని సంగతులు వాటంతటవే పైకి వస్తాయి.

వాటిని రాయండి, కానీ రెండో రంగు పెన్నుతో. పక్కన తేదీ వేయండి. ఆలస్యంగా వచ్చిన జ్ఞాపకంలో పక్కింటివాళ్ళు చెప్పింది, ఫోన్‌లో వెతికి చదివింది, మీరు కోరుకున్నది కలిసిపోయి ఉండవచ్చు. నీలం రంగువి నమ్మదగినవి, ఎరుపువి వచ్చేసారి డాక్టర్‌ను అడగాల్సినవి. మందు మోతాదు మాత్రం ఎరుపు రంగులో ఉన్నదాన్ని పట్టుకుని మార్చొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి.

శుభవార్త కూడా ప్రమాదమే

దీన్ని ఎవరూ పట్టించుకోరు. "క్యాన్సర్ కాదు, మామూలు గడ్డే" అన్నారనుకోండి. అందరి ముఖాలూ వెలిగిపోతాయి, డాక్టర్‌కు చేతులెత్తి దండం పెడతాం, ఎవరో అప్పుడే స్వీట్ల గురించి మాట్లాడతారు. "ఆరు నెలలకు మళ్ళీ స్కాన్ తీయించండి" అనే మాట ఆ సంతోషంలో కొట్టుకుపోతుంది. ఉప్పొంగే సంతోషమైనా భయంలాగే చుట్టూ ఉన్నదాన్ని పక్కకు నెట్టేస్తుంది. భయపడినవాళ్ళు కనీసం మళ్ళీ అడుగుతారు, సంతోషించినవాళ్ళకు అడగాలని కూడా అనిపించదు. మంచి మాట విన్నరోజు కూడా 4, 5 మెట్లు వదలొద్దు. ఆరు నెలల తేదీని అక్కడికక్కడే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి.

"పేషెంటుకు చెప్పొద్దు సార్" అనేవాళ్ళకు

మన ఇళ్ళలో ఇది మామూలే. చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, అందులో నేను వేలు పెట్టను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మాటలు దాచినా ముఖాలు దాచలేరు. పెద్దాయనను బయట కూర్చోబెట్టి మీరంతా లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటూ వస్తే, ఆయన మనసులో ముద్రపడేది ఆ కళ్ళే. ఆ తర్వాత మీరు చెప్పే "గ్యాస్ట్రిక్ అంతే నాయనా" ఆయన చెవికి చేరదు, మాత్ర వేసుకోమన్నా నమ్మకంతో వేసుకోడు. కనీసం మందులు, ఆహారం సంగతులైనా డాక్టర్ చేత నేరుగా ఆయనకు చెప్పించండి. నెమ్మదిగా, ఆయన మాట్లాడే తెలుగులో. బెంగళూరులో చాలామంది డాక్టర్లకు తెలుగు అర్థమవుతుంది, అడిగితే మాట్లాడతారు కూడా.

ఎక్కువగా జరిగే తప్పులు

"నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది" అనే ధీమా అన్నిటికంటే పెద్దది. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మరునాడే ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే పరిశోధకులు తమ యూనివర్సిటీ విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించి పెట్టుకున్నారు. సుమారు రెండున్నరేళ్ళ తర్వాత 44 మందిని మళ్ళీ అడిగారు. వాళ్ళలో 11 మంది చెప్పినది పాత కాగితంతో ఒక్క అంశంలోనూ కలవలేదు. అయినా చాలామంది తమ జ్ఞాపకం మీద గట్టి నమ్మకంతో ఉన్నారు. సొంత చేతిరాత చూపించినా, ఇప్పుడు గుర్తున్నదే సరైనదన్న భావన కొందరిలో పోలేదు. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. ఆర్నెల్ల తర్వాత "అప్పుడే ఆపరేషన్ చేయించమన్నాడు, మీరే వినలేదు" అని ఒకరు, "అసలు ఆ మాటే అనలేదు" అని ఇంకొకరు. అప్పుడు తీయాల్సింది నోట్‌బుక్, గొంతు కాదు.

రెండో తప్పు, గదిలోంచి రాగానే ఇంటర్నెట్‌లో జబ్బు పేరు కొట్టడం. అక్కడ చదివిన భయంకరమైన వాక్యం, డాక్టర్ మాటలకంటే గట్టిగా నాటుకుంటుంది. రెండు రోజులకు అది డాక్టరే చెప్పినట్టు అనిపిస్తుంది. నోట్‌బుక్ పని పూర్తయ్యేదాకా ఆగండి.

ఇంకొకటి, పేషెంటును పదేపదే పరీక్షించడం: "ఏమన్నాడో చెప్పు నాయనా, గుర్తులేదా?" అని. అడిగేకొద్దీ కంగారు పెరుగుతుంది, కంగారు పెరిగేకొద్దీ ఏమీ గుర్తురాదు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోండి

మూడో రోజు, నోట్‌బుక్ మూసి, మందులు ఇచ్చే మనిషిని (అమ్మ కావచ్చు, వదిన కావచ్చు) అడగండి: ఏ మాత్ర ఎప్పుడు, ఏది ఆపాలి, ఎప్పుడు వెళ్ళాలి, ఏం వస్తే పరుగెత్తాలి. నాలుగింటికీ ఆమె చెప్పింది నోట్‌బుక్‌తో కలిస్తే పని అయినట్టే. మూడింటికి చెప్పి నాలుగోది తడుముకుంటే, అది సాధారణంగా "ఏం వస్తే పరుగెత్తాలి" అన్నదే అవుతుంది. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీదో, మందుల డబ్బా మూత లోపలో అంటించండి.

వారాలు గడిచినా ఆ గది దృశ్యమే కళ్ళముందు తిరుగుతూ నిద్ర పట్టకపోయినా, పెద్దవాళ్ళు ఆసుపత్రి సంగతులే కాక రోజువారీ విషయాలు కూడా మర్చిపోతున్నా, అది నోట్‌బుక్‌తో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ళ మతిమరుపు సంగతి అయితే డాక్టర్‌కు చూపించడమే మంచిది.

ఇవేవీ చేయకుండానే ఇప్పటికే ఇంటికి చేరిపోయినవాళ్ళు, ఎవరికి ఎంత గుర్తుందని కొట్లాడుకోకుండా, రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి. పేషెంటుగానీ, అధికారం ఇచ్చిన మనిషిగానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళిలో ఉంది. దరఖాస్తు మీద అందినట్టు సంతకం చేయించుకుని, దాని ఫొటో తీసి పెట్టుకోండి.